ఫర్ జాకెట్ కొనేముందు: ఒరిజినలా, ఫేకా, అసలు అవసరమా?

ఏటా జూలై వచ్చేసరికి అమెరికా, కెనడా వెళ్ళే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే ప్రశ్నల్లో ఇదొకటి, వింటర్ జాకెట్ ఇక్కడే కోఠిలో కొనేసి సూట్‌కేసులో కుక్కుకెళ్ళాలా లేక అక్కడికెళ్ళాక చూసుకోవాలా అని. దానికి జవాబు చిన్నదే, అక్కడికెళ్ళాకే కొనుక్కోండి, మన దగ్గర దొరికేవి మైనస్ 20ని తట్టుకునేందుకు కుట్టినవి కావు. దాని వెనకాల వచ్చే ప్రశ్నే కొంచెం పెద్దది: హుడ్ (జాకెట్‌కే ఉండే తల టోపీ) చుట్టూ బొచ్చు, అంటే ఫర్, ఉన్నది తీసుకోవాలా, అది ఒరిజినలో ఫేకో ఎలా తెలుస్తుంది, ఒరిజినల్ అయితే వేసుకోవడం తప్పా. మూడూ కలిపి ఒకే మెసేజ్‌లో అడుగుతారు గానీ మూడింటి జవాబులూ వేరు. నేనెటు వైపో ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకీ సులువు: కొత్త ఒరిజినల్ ఫర్ నేను కొనను, ఎవరినీ కొనమనను, అలాగని ఫేక్ ఫర్ వేసుకుంటే పుణ్యం వస్తుందని కూడా అనుకోను.

ముందు రేటు గురించి. ఖరీదైతే ఒరిజినల్, చవకైతే ఫేక్ అని లెక్కేస్తాం కదా, ఫర్ దగ్గర ఆ లెక్క పనిచేయదు. మింక్ (ముంగిసలా పొడుగ్గా ఉండే చిన్న జంతువు) కోటు అంటే ఖరీదే, దాంట్లో డౌటు లేదు, కానీ కుందేలు తోలు, రకూన్ డాగ్ తోలు (పేరులో రకూన్ ఉన్నా అది కుక్కల కుటుంబానికి చెందిన జంతువు, చైనాలో ఫారాల్లో బాగా పెంచుతారు) పెద్ద మొత్తంలో వస్తాయి, వాటిని చిన్న చిన్న ముక్కలుగా కోసి హుడ్ అంచులకీ, ఉన్ని టోపీ మీద ఉండే బంతికీ, హ్యాండ్‌బ్యాగ్ కీచైన్లకీ వాడేస్తారు, ఆ ముక్క మంచి క్వాలిటీ ఫేక్ ఫర్ కంటే చవగ్గా కూడా పడొచ్చు. కాబట్టి చవక టోపీ మీది బంతి నిజంగా జంతువుది కావచ్చు, వందల డాలర్ల జాకెట్ అంచు మాత్రం పక్కా అక్రిలిక్, అంటే ప్లాస్టిక్ పీచు, కావచ్చు. పైగా ఫేక్ అని రాసి ఒరిజినల్ అమ్మిన కేసులు కూడా ఉన్నాయి, 2013లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నీమన్ మార్కస్‌తో సహా మూడు రిటైలర్ల మీద సరిగ్గా ఇదే విషయంలో చర్య తీసుకుంది, ఫో ఫర్ (faux, అంటే ఫేక్) అని చెప్పి నిజం ఫర్ అమ్మారని. మామూలుగా మోసం అంటే నకిలీని అసలని అంటగట్టడం, ఇక్కడ రివర్సు, ఎందుకంటే కొనేవాళ్ళే ఇప్పుడు ఫేకే కావాలంటున్నారు.

మరి చూసేదెలా అంటే, రేటూ బ్రాండూ పక్కనపెట్టి అడుగు చూడాలి. బొచ్చుని రెండు బొటనవేళ్ళతో పాయ తీయండి, చిన్నప్పుడు తలలో పేలు చూడ్డానికి అమ్మ తీసినట్టు, అడుగు కనిపించేదాకా. అడుగున బట్ట కనిపించి, అల్లికో నేతో తెలుస్తూ, వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా వరసల్లో గుచ్చినట్టుంటే అది ఫేక్. తోలు కనిపించి, తెల్లగానో లేత గోధుమ రంగులోనో, అద్దకం వేసినదైతే ఆ అద్దకం రంగులోనో, వెంట్రుకలు దాంట్లోంచే మొలిచినట్టుంటే అది ఒరిజినల్. ఇంకో తిరకాసు ఉంది, కుందేలు ఫర్‌ని కొన్నిసార్లు సన్నటి రిబ్బన్లలా కోసి వల లాంటి బట్ట మీద అల్లుతారు, అప్పుడు పైపైన చూస్తే బట్టే కనిపించి ఫేక్ అనుకుంటాం, అందుకని వెంట్రుక దేన్ని పట్టుకుని ఉందో చూడాలి, బట్టనా, బట్ట మీదున్న సన్నటి తోలు పట్టీనా అని. టోపీ బంతి అయితే పాయ తీయడం కుదరదు, టోపీకి కట్టిన చోట మధ్యలోకి వేలు పోనిచ్చి చూడండి, ఒరిజినల్ అయితే గట్టిగా తోలు ముడి తగులుతుంది. హుడ్ అంచు అయితే జిప్పు దగ్గరో గుండీ దగ్గరో కుట్టు అయిపోయే చివర చూడండి, లైనింగ్ అక్కడే కాస్త వదులుగా ఉంటుంది. గుండుసూది ఉంటే ఇంకా మంచిది, బట్టలోంచి సులువుగా దూరిపోతుంది, తోలు అయితే మొండికేస్తుంది.

తర్వాత కొనలు. జంతువు వెంట్రుక చివరికొచ్చేసరికి సన్నబడి సూదిలా ముగుస్తుంది, ఫ్యాక్టరీ వెంట్రుక కత్తిరించినట్టు మొద్దుగా ఆగిపోతుంది, ఫోన్ కెమెరా జూమ్ చేసి తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే తేడా బానే తెలుస్తుంది. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎందుకంటే ఒరిజినల్‌ని కూడా సమంగా కత్తిరించి వెల్వెట్‌లా చేసి అమ్ముతారు, అప్పుడు దాని కొనలూ మొద్దుగానే ఉంటాయి, ఈమధ్య మంచి ఫేక్‌లకి కొనలు సన్నగా చేసే పద్ధతులూ వచ్చాయి. ఇంకో గుర్తు, నోటితో ఉఫ్ అని ఊదితే ఒరిజినల్ విచ్చుకుని లోపల మెత్తటి పొట్టి నూగు కనిపిస్తుంది, పైన పొడుగు వెంట్రుకలు, కింద దట్టంగా నూగు, రెండు పొరలు, నక్క, రకూన్ డాగ్ లాంటివాటిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఫేక్‌లో కూడా రెండు పొడవులు కలిపి చేస్తారనుకోండి, కానీ ఊదితే కదిలే తీరు వేరు, అది కొంచెం మొండిగా గుంపుగా కదులుతుంది.

చివరిది కాల్చి చూడ్డం, ఇది మాత్రం కొన్నాకే, ఇంట్లోనే, షాపు ట్రయల్ రూములో అగ్గిపెట్టె తీస్తే మిమ్మల్నే బయటికి పంపిస్తారు. అడుగు నుంచి రెండు మూడు వెంట్రుకలు పీకి, చిమటాతో పట్టుకుని (వేళ్ళతో వద్దు, ప్లాస్టిక్ కరిగి అంటుకుంటే బొబ్బే) సింక్ దగ్గర మంట పెట్టండి. ఒరిజినల్ అయితే చిటపటలాడి ముడుచుకుపోయి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది, వాసన మనకి కొత్తదేం కాదు, ఆదివారం మటన్ షాపులో తలకాయ, కాళ్ళు కాలుస్తున్నప్పుడు వచ్చేదే. అమ్మవాళ్ళు పట్టు చీర కొంగు దారం తీసి కాల్చి చూసేది కూడా ఈ లెక్క మీదే, పట్టూ ప్రోటీనే, వెంట్రుకా ప్రోటీనే. అక్రిలిక్, పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది, కవరు కాలిన కంపు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పాయ తీయడానికేం లేదు కాబట్టి లేబుల్ మీద ఆధారపడాలి, లేబుల్ ఎంత చెప్తుందో తెలిసి ఆధారపడాలి. అమెరికాలో ఫర్ లేబుల్ చట్టం 1951 నుంచీ ఉంది, ఏ జంతువు, ఏ దేశం, రంగు వేశారా లేదా అన్నీ రాయాలి, కానీ ఫర్ విలువ 150 డాలర్ల లోపైతే రాయక్కర్లేదని ఒక వెసులుబాటు ఉండేది, అంచులూ బంతులూ అన్నీ ఆ సందులోంచే జారిపోయేవి, 2010లో ఇంకో చట్టం తెచ్చి ఆ సందు మూశారు. కాబట్టి అక్కడ లేబుల్ మీద జంతువు పేరుంటే అది ఒరిజినల్ అన్నట్టే. "ఏషియాటిక్ రకూన్" అని కనిపిస్తే అది పైన చెప్పిన రకూన్ డాగే. యూరప్‌లో లేబుల్ ఇంకా అస్పష్టం, జంతువుల నుంచి వచ్చిన, వస్త్రం కాని భాగాలు ఉన్నాయి అని ఒక వాక్యం ఉంటుంది, ఏ జంతువో చెప్పదు, జీన్స్ వెనకాల ఉండే లెదర్ ముక్కకీ అదే వాక్యం, నక్క తోలుకీ అదే వాక్యం. మార్కెట్‌ప్లేస్ సైట్లలో ఎవరో థర్డ్ పార్టీ సెల్లర్ దగ్గర కొనేటప్పుడు "లగ్జరీ ఫర్", "ఫ్లఫీ ఫర్" అని మాత్రమే రాసి మెటీరియల్ దగ్గర ఏమీ రాయకపోతే వదిలేయండి. అక్రిలిక్, మోడాక్రిలిక్, పాలియెస్టర్ అని స్పష్టంగా రాసుంటే అది చాలావరకు నిజమే, డెలివరీ వచ్చాక పాయ తీసి చూసుకోండి, తేడా ఉంటే రిటర్న్ ఎలాగూ ఉంది.

సరే, అసలు ఆ బొచ్చు వల్ల ఉపయోగం ఏంటి అంటే, నిజాయితీగా చెప్పాలంటే ఉంది, కానీ మనలో ఎక్కువమందికి లేదు. హుడ్ చుట్టూ దట్టమైన ఫర్ ఉంటే గాలి ముఖాన్ని కొట్టే ముందే ఆ వెంట్రుకల్లో చిక్కుకుని నెమ్మదిస్తుంది, ముఖం చుట్టూ కాస్త కదలని గాలి నిలుస్తుంది, దాంతో పాటు ఊపిరి తేమ గడ్డకట్టినా ఒరిజినల్ ఫర్ మీద నుంచి దులిపితే రాలిపోతుంది, ఫేక్ మీద మంచు గడ్డలు పట్టుకుని వేలాడతాయి. ఆర్కిటిక్ మంచు ప్రాంతాల ఆదివాసులైన ఇన్యూట్ జనం తరతరాలుగా హుడ్ అంచుకి వుల్వరీన్ (చిన్న ఎలుగులా కనిపించే జంతువు), తోడేలు తోలు వాడింది అందుకే, వాళ్ళకది ఫ్యాషన్ కాదు. కానీ అది మైనస్ 30, మైనస్ 40లో గంటల తరబడి బయట తిరిగేవాళ్ళ లెక్క. కార్లోంచి ఆఫీసు తలుపుదాకా నడిచే న్యూజెర్సీ, డాలస్ జనాలకి ఆ బొచ్చు ఫోటోలకే. వెచ్చదనం జాకెట్ లోపల ఉంటుంది, డౌన్ (బాతు ఈకల నూగు) అయితే ఫిల్ పవర్ (ఆ నూగు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) ఎంత (600 దాటితే మంచిదే), బయట బట్ట గాలిని ఆపుతుందా, నడుము కిందకి దిగుతుందా, మణికట్టు దగ్గర లోపలి కఫ్ ఉందా, డబ్బులు పెట్టాల్సింది వీటికి. కయోటీ (తోడేలు లాంటి ఉత్తర అమెరికా జంతువు) ఫర్ అంచుకి ఊరంతా పేరు పడ్డ కెనడా గూస్ కంపెనీయే 2021లో ప్రకటించింది, ఆ ఏడాది చివరికల్లా ఫర్ కొనడం, 2022 చివరికల్లా ఫర్‌తో తయారు చేయడం ఆపేస్తామని. టొరంటోలో సెకండ్ హ్యాండ్‌లో వాళ్ళ పాత జాకెట్ కొంటే మాత్రం అంచు నిజం కయోటీదే కావచ్చు, చూసుకోండి.

ఇప్పుడు తప్పొప్పుల సంగతి. ఫర్ వద్దు అనగానే ఎవరో ఒకరు అడుగుతారు, నువ్వు మటన్ తినవా, లెదర్ చెప్పులు వేసుకోవా అని. తింటా, వేసుకుంటా. అందుకే ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయను. నా వరకు తేడా ఎక్కడంటే, గొర్రె తోలు ఎక్కువగా మాంసం కోసం కోసిన గొర్రెది, మింక్‌ని పెంచేది మాత్రం తోలు కోసమే. మార్కెట్లోకి వచ్చే ఫర్‌లో ఎక్కువ భాగం ఫారాల నుంచే, అడవి నుంచి కాదు, ఫారం అంటే వరసలు వరసలుగా ఇనప వైర్ల పంజరాలు. మింక్ ఒంటరిగా తిరిగే జంతువు, నీళ్ళలో ఈది వేటాడే జంతువు, దాన్ని పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా వైర్ల మీద నిలబెడతారు, ముందుకీ వెనక్కీ పిచ్చిగా తిరుగుతూనే ఉంటుంది. తోలు పాడవకూడదు కాబట్టి మింక్‌ని గ్యాస్‌తో, నక్కని కరెంటుతో చంపుతారు. ఒక్క పొడుగు కోటుకి సుమారు 40 నుంచి 60 మింక్‌లు కావాలి. 2020 నవంబర్‌లో డెన్మార్క్‌లో మింక్‌లకి కరోనా వచ్చి అది మళ్ళీ మనుషులకి అంటుకోవడంతో దేశంలో ఉన్న మింక్‌లన్నిటినీ, కోటిన్నరకి పైనే, చంపేయమన్నారు, హడావుడిగా గోతులు తీసి పూడ్చితే కొన్ని చోట్ల శవాలు కుళ్ళి గ్యాస్‌కి ఉబ్బి మట్టిలోంచి పైకి లేచాయి, మళ్ళీ తవ్వి తీసి కాల్చాల్సొచ్చింది. ఇంత చిన్న దేశంలో ఫర్ కోట్ల కోసమే అన్ని మింక్‌లు ఉన్నాయా అని చాలామందికి అప్పుడే తెలిసింది. బ్రిటన్ అయితే 2000లోనే ఫర్ ఫారాల్ని నిషేధిస్తూ చట్టం చేసింది, నెదర్లాండ్స్ కరోనా దెబ్బ వల్ల అనుకున్నదానికంటే ముందే మింక్ ఫారాల్ని మూసేసింది, కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి కొత్త ఫర్ అమ్మకమే నిషేధం, గొర్రె, మేక తోళ్ళకీ పాత వస్తువులకీ మినహాయింపు ఉంది.

ఫారం కాదు, అడవిలో పట్టింది అంటే బెటరేమో అనిపిస్తుంది, బతికినన్నాళ్ళు స్వేచ్ఛగా బతికింది కదా అని, కానీ ఉచ్చులో కాలు ఇరుక్కుని గంటల తరబడి కొట్టుకునే కయోటీకి ఆ లాజిక్ చెప్పలేం, పైగా ఉచ్చుకి ఏది పడాలో తెలీదు, పెంపుడు కుక్కలు కూడా పడతాయి. ఇన్యూట్‌ల సీల్ వేట వేరే సంగతి, వాళ్ళు దాన్ని తింటారు, తోలు వాడుకుంటారు, యూరోపియన్ యూనియన్ 2009లో సీల్ ఉత్పత్తుల్ని ఆపినప్పుడు కూడా వాళ్ళకి మినహాయింపు ఇచ్చింది.

ఫేక్ వాళ్ళ మీద ఫర్ కంపెనీల ఆరోపణ ఏంటంటే అది ప్లాస్టిక్ కదా అని. నిజమే, అక్రిలిక్ పెట్రోలియం నుంచే వస్తుంది, ఉతికిన ప్రతిసారీ సన్నటి పీచు నీళ్ళలోకి పోతుంది, పారేస్తే మట్టిలో కలవదు, రెండు మూడు చలికాలాలకే జడలు కట్టి అసహ్యంగా తయారవుతుంది, అప్పుడు ఇంకోటి కొంటాం. కానీ ఒరిజినల్ సహజం, మట్టిలో కలిసిపోతుంది అని చెప్పేది కూడా సగమే, పచ్చి తోలు కుళ్ళకుండా ఉండాలనే కదా క్రోమియం, ఫార్మాల్డిహైడ్ లాంటివి పట్టించేది, ఫారాల్లో అంత మాంసం మేపాలి, ఆ పెంటంతా ఎక్కడికో పోవాలి. నన్నడిగితే రెండింట్లో ఫేకే తక్కువ చెడ్డది, అదీ ఒకటి కొని చాలాకాలం వాడితేనే.

పాత ఫర్ సంగతి దగ్గర నేనూ కొంచెం ఊగిసలాడతా. థ్రిఫ్ట్ స్టోర్‌లో (పాత వస్తువులు అమ్మే షాపు) ఎవరి నానమ్మదో ఎనభైల నాటి కోటు ఉంటే, కొన్నంత మాత్రాన కొత్తగా ఏ జంతువూ చావదు, చెత్తకుప్పకి పోయేది తప్పుతుంది. కానీ వీధిలో నడిచేటప్పుడు అది పాతదని ఎవరికీ తెలీదు, చూసినవాళ్ళకి ఇది మళ్ళీ ఫ్యాషన్ అనిపిస్తుంది. వేసుకునేవాళ్ళని తప్పుపట్టను, నేను వేసుకోను, అంతే. ఇంట్లో ఆల్రెడీ ఉండి వద్దనుకుంటే, అమెరికాలో కొన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రాలు తల్లి లేని జంతువుల పిల్లలకి పరుపుగా వెయ్యడానికి పాత ఫర్ తీసుకుంటాయి, ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఒకటి మాత్రం చేయకండి, ఆ కోటుని ఇండియాకి తెచ్చి వైజాగ్‌లో బీరువాలో పెట్టకండి, ఆ ఉక్కకి తోలు బూజు పడుతుంది, పురుగు కొడుతుంది. చలి దేశాల్లోనే ఎండాకాలం వస్తే ఫర్ కోట్లని చల్లటి స్టోరేజీలో అద్దె కట్టి దాస్తారు.

ఇండియాలో ఫర్ మనకెక్కడ తగులుతుందంటారా, మింక్, నక్క, చించిల్లా (ఎలుక జాతి చిన్న జంతువు) తోళ్ళ దిగుమతిని 2017 జనవరిలోనే ఆపేశారు. మనాలీలో సోలాంగ్ వైపు వెళ్ళే దారిలో గమ్‌బూట్లతో పాటు అద్దెకిచ్చే ఆ రంగురంగుల బొచ్చు కోట్లు, వాటి గురించి కంగారు పడక్కర్లేదు, నేను చూసినవన్నీ సింథటిక్కే, అడుగున అల్లిక పళ్ళికిలించి కనిపిస్తుంటుంది, కంగారు పడాల్సింది వాటిని ఎప్పుడు ఉతికారా అని. మాల్ రోడ్‌లో అమ్మే మెత్తటి టోపీలు మాత్రం పాయ తీసి చూడండి, కుందేలు ఉండొచ్చు. కశ్మీర్‌లో నాయకులు పెట్టుకునే ఉంగరాల జుట్టు కరకుల్ టోపీ పుట్టిన కొద్ది రోజులకే కోసిన గొర్రెపిల్ల తోలుది, ముచ్చటగా ఉందని కొనేవాళ్ళకి ఈ సంగతి చాలామందికి తెలీదు. నాంపల్లి నుమాయిష్‌లో కశ్మీరీ స్టాల్ దగ్గర శాలువాని ఉంగరంలోంచి లాగి చూపిస్తారు చూశారా, మంచి పష్మీనా కూడా అలా దూరుతుంది, దాంతో అది ఖరీదైన షాతూష్ అని రుజువు కాదు. పష్మీనా బతికున్న మేకని దువ్వి తీసేది. ఎవరైనా గొంతు తగ్గించి షాతూష్ ఉంది కావాలా అంటే అక్కడినుంచి జరగండి, దాని కోసం చిరు అనే టిబెట్ జింకని చంపాల్సిందే, ఒక శాలువాకి మూడు నుంచి ఐదు, అమ్మినా కొన్నా నేరం. ఇంట్లో ఒడుగు ఉన్నవాళ్ళు జంధ్యానికి కట్టే కృష్ణాజినం (కృష్ణజింక తోలు) ముక్క గురించి కూడా ఒకసారి ఆలోచించండి, కృష్ణజింక వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 (అంటే అత్యధిక రక్షణ ఉన్న) జంతువు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. బొమ్మలేసేవాళ్ళకి ముంగిస వెంట్రుకల బ్రష్షుది ఇదే కథ, 2019లో ఆపరేషన్ క్లీన్ ఆర్ట్ పేరుతో దేశమంతా దాడులు చేశారు, సింథటిక్ బ్రష్షులు ఇప్పుడు బానే ఉన్నాయి.

ఇక పెళ్ళికూతుళ్ళు అడిగేది, మేకప్ ఆర్టిస్ట్ మింక్ ల్యాషెస్ పెడతానంటోంది, పరవాలేదా అని. ప్యాకెట్ మీద "ఫో మింక్ (faux mink)" అనో "సింథటిక్" అనో ఉంటే ప్లాస్టిక్, ఉత్త "మింక్" అని ఉంటే ఆర్టిస్ట్‌నే అడగండి, చాలాసార్లు వాళ్ళకీ తెలీదు, స్టైల్ పేరనుకుంటారు. బతికున్న మింక్‌ని సున్నితంగా దువ్వి తీశాం అని అమ్మేవాళ్ళుంటారు, చెయ్యి దగ్గరికి తెస్తే కొరికే జంతువది, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని దువ్వినట్టు ఎవరూ దువ్వరు. సిల్క్ ల్యాషెస్ అని వచ్చేవి కూడా ఎక్కువగా సింథటిక్కే, స్టేజీ లైట్ల కింద ఫోటోలో తేడా ఎవరికీ తెలీదు.

మొత్తమ్మీద నా సలహా ఊరిని బట్టి మారుతుంది. డాలస్, అట్లాంటా, బే ఏరియా అయితే ఫర్ మాటే ఎత్తకండి. చికాగో, న్యూజెర్సీ, టొరంటో అయితే ఫర్ లేని హుడ్ ఉన్న మంచి డౌన్ జాకెట్, దాంతో పాటు నెక్ వార్మర్, చాలు, బొచ్చు ఉంటేనే బావుంటుంది అనుకుంటే జిప్పుతో ఊడదీసే ఫేక్ అంచు ఉన్నది. ఎడ్మంటన్, విన్నిపెగ్‌లో బస్సు కోసం నిలబడాల్సిన స్టూడెంట్ అయితే, డబ్బులు తక్కువైతే, సెకండ్ హ్యాండ్‌లో పాత ఒరిజినల్ అంచు జాకెట్ దొరికితే నేను కాదనను, అక్కడ ముఖం కాపాడుకోవడం ముఖ్యం. మోకాళ్ళ నొప్పులతో వచ్చే అమ్మానాన్నలకి గొర్రె ఉన్ని లైనింగ్ ఉన్న బూట్లు హాయిగా ఉంటాయి, అది ఒరిజినల్ గొర్రె తోలే, మటన్ తినే ఇంట్లో దాని గురించి గొడవ అనవసరం, శాకాహారులైతే ముందే చెప్పి అడగండి, చెప్పకుండా తొడిగించొద్దు.

ఫేక్ అంచు కొన్నవాళ్ళు దాన్ని డ్రయ్యర్‌లో వేయొద్దు, ఆ వేడికి అక్రిలిక్ కొనలు ముడుచుకుపోయి మళ్ళీ మామూలుగా అవ్వవు. జాకెట్ ఉతికే ముందు అంచు ఊడదీసి, చన్నీళ్ళలో కాస్త షాంపూ వేసి చేత్తో జాడించి, నీడలో ఆరేసి, తడి పూర్తిగా పోకముందే వెడల్పు పళ్ళ దువ్వెనతో దువ్వితే నాలుగైదేళ్ళు బానే వస్తుంది.